ఘాట్ ఎక్కాల్సిన కారు

కార్లు మాట్లాడటం మొదలయ్యాక సొంత కారు ఇంజన్‌ని ముట్టుకోవడం కూడా నేరమైంది. అయినా నర్సు ఎస్తేరు బానెట్ ఎత్తింది. ఇంజన్‌కు బలమిచ్చే సూపర్‌చార్జర్ గోనెసంచిలో ఉంది. విప్పిన బోల్టులు కలిసిపోకుండా గుంటకొకటి వేయడానికి ఇడ్లీ రేకులు పరిచింది.

"మీకు అనుమతి లేదమ్మా. విప్పితే నేను కంపెనీకి చెప్పాలి," అంది కారు.

"సెప్పుకో. మొన్న నువ్వు ఘాట్ ఎక్కలేక ఆగిపోతే, ఆస్పత్రికి తీసుకెల్తన్న కోటమ్మ దారి మలుపులోనే కనీసింది. బిడ్డ దక్కనేదు. ఇంకోపాలి అలగ అవనివ్వను."

ఎస్తేరు పానా తీసి బ్యాటరీ ఎర్ర వైరుకు పెట్టింది.



"అది కాదమ్మా, నిప్పురవ్వలు లేస్తాయి," అంది కారు. "ముందు నల్ల వైరు తీయండి. త్వరగా తీస్తే నేనెవరికీ చెప్పలేను."