పళ్లెం చెప్పిన మాట

ఇనుప రింగులో చెవి పెట్టీపెట్టగానే శేషాద్రికి తన పేరు వినిపించింది.

"శేషాద్రికి గా పోస్టు ఇయ్యకుండ్రి సార్."

లక్ష్మీనర్సయ్య గొంతే. పచ్చికబయలుకు అవతలి కొసన, రెండో పళ్లెం దగ్గర మాట్లాడుతున్నాడు. ఇంత దూరానికీ ఆ మాట పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా ఉంది.

అరవై ఎనిమిది డిసెంబరు సైన్సు ఎగ్జిబిషన్ కోసం ఈ ఇద్దరు ఫిజిక్స్ పరిశోధకులూ కలిసి కట్టిన రిఫ్లెక్టర్లవి. వెదురు తడికల మీద సిమెంటు మెత్తి, మనిషెత్తు పళ్లేల్లా ఎదురెదురుగా నిలబెట్టారు. కారు హెడ్‌లైటులోని గిన్నె బల్బు వెలుతురును చెదరనివ్వకుండా ముందుకు తోసినట్టు ఇవి మాటను తోస్తాయి. ఒక పళ్లెం ముందున్న రింగులో నోరు పెట్టి గుసగుసలాడితే అవతలి రింగులోని చెవికి చేరుతుంది. ఆ వంపు లెక్క శేషాద్రిది. లెక్కను సిమెంటులోకి దించిన చెయ్యి లక్ష్మీనర్సయ్యది. అయితే సరిగ్గా రింగు దగ్గరున్న నోటి మాటే వస్తుంది, పక్కన నిలబడ్డవాడిది రాదు. వినేవాడు తన పళ్లెం వైపు వంగాలి కనుక అవతలి మనిషి అతని వీపు వెనక ఉండి కనబడడు.

రోజూ ఇదే వేళకు పరీక్ష. శేషాద్రి లైబ్రరీ నుంచి లక్ష్మీనర్సయ్య కళ్లెదుటే బయలు దాటి వచ్చి చప్పట్లు కొడితే, లక్ష్మీనర్సయ్య అటునుంచి ఎక్కాలు చదువుతాడు. ఈ పూట ఎందుకో చప్పట్లు కొట్టకముందే చెవి పెట్టాడు.

"లెక్కలు మంచిగ చేస్తడు సార్, కాదంటలేను. చేతిపని చెప్తెనే ముఖం మాడుస్తడు." కాసేపు ఆగాడు. "అవు సార్. మీరు వానికి మాటిచ్చిండ్రని నాకు తెల్సు." మళ్లీ ఆగాడు. "గా పోస్టు నాకియ్యుండ్రి. వానికి నేను నచ్చజెప్తా. నేనేం చెప్పినా నమ్ముతడు."

అవతలున్నది డిపార్టుమెంటు హెడ్డుగారే అయ్యుండాలి. ఆయన ఏమంటున్నారో వినిపించకపోయినా, ఆ ఆగిన చోట్లే చెబుతున్నాయి.

శేషాద్రి రింగులోంచి చెవి తీశాడు. వెనక్కి తిరిగితే ఆ ముఖం కనబడుతుంది. అందుకే తిరగలేదు. పళ్లెం చాటునుంచి కానుగచెట్ల కిందికి వెళ్లి అట్నుంచి అటే రోడ్డెక్కాడు.

పొద్దున ఇద్దరూ కలిసి ఉంటున్న తార్నాక గదిలో ఇదే లక్ష్మీనర్సయ్య ఎంత బతిమాలాడని. నీలగిరుల్లో శేషాద్రికి ఉద్యోగం వచ్చి ఉంది. ఒప్పుకుంటున్నట్టు చెప్పడానికి ఈ రోజే ఆఖరు.

"పోరా బై. గాడ కొండవాలు మీద ఇంత పెద్ద రిఫ్లెక్టర్ కడుతున్నరు. చుక్కల నుంచి వచ్చే రేడియో అలలను పడుతరట. నీ లెక్కలకు గదే జాగ. గీడ నాతోని సిమెంటు కలుపుకుంట కూసుంటవా?"

"హెడ్డుగారు ఇక్కడే పోస్టు ఇస్తానన్నాడు గదరా."

"మూడేండ్ల సంది అంటనే ఉన్నడు."

"ఇచ్చినప్పుడే ఇస్తాడులే. నిన్నొదిలి నేను యాడికీ పోను."

శేషాద్రి తీరే అంత. కూర్చున్న చోట వేళ్లు దిగిపోయే మనిషి. కోపం వస్తే తప్ప కాలు కదపడు. అన్న నోరుజారి ఏదో అన్నందుకే అనంతపురం వదిలి ఇంతదూరం వచ్చాడు.

ఇప్పుడూ కోపమే నడిపించింది. పోస్టాఫీసు మూసేలోపు వెళ్లి, వస్తున్నానని నీలగిరులకు టెలిగ్రాం ఇచ్చాడు. గదికి వచ్చి ట్రంకుపెట్టె సర్దుతుంటే లక్ష్మీనర్సయ్య వచ్చాడు.

"ఏందిరా, గీ పొద్దు చప్పట్లు కొట్టలే?"

"కొట్టకముందే వినపడిందిలే."

చేతులకంటిన సిమెంటు కడుక్కుంటున్నవాడు ఆగాడు. "అంత విన్నవా?"

"పోస్టు కావాలని నన్నడిగింటే నేనే తప్పుకునేవాణ్ణి గదరా. నా వీపు వెనక అడుక్కుంటావా? ఈ ఊర్లో నాకు నువ్వు తప్ప ఎవరుండారు?"

కాదంటాడేమోనని చూశాడు. కనీసం తల దించుకుంటాడేమోనని చూశాడు. రెండూ జరగలేదు.

"నీలగిరులకు తార్ ఇచ్చినవా?"

"ఇచ్చినా. పొద్దున్నే పోతాండా."

"మంచిగయింది," అన్నాడు లక్ష్మీనర్సయ్య, తుండుతో చేతులు తుడుచుకుంటూ.

ఆ మాటకు శేషాద్రి గుండె భగ్గుమంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లుంటారని వినడమే గాని, ఒక్క కంచంలో తిన్నవాడే ఆ పని చేస్తాడని కలలో కూడా అనుకోలేదు. ఆ సాయంత్రం లక్ష్మీనర్సయ్య కాల్చిన జొన్నరొట్టెల్ని ముట్టుకోలేదు. తెల్లవారి దారికని గుడ్డలో కట్టి పెట్టెమీద పెడితే, తీసి కిటికీలో పెట్టేశాడు. స్నేహితుడు సైకిల్ రిక్షా దాకా పెట్టె మోసుకొచ్చాడు. శేషాద్రి వాడికేసి చూడకుండానే ఎక్కి కూర్చున్నాడు.

స్టేషనుకు పోయే ముందు డిపార్టుమెంటు దగ్గర రిక్షా ఆపించాడు. స్కాలర్‌షిప్పు వదులుకుంటున్నట్టు రాసిన కాగితం హెడ్డుగారి చేతిలోనే పెట్టి, మాట తప్పినందుకు నాలుగు మాటలు అడిగి మరీ పోవాలని అతని పంతం. తీరా మెట్లెక్కి చూస్తే గదికి తాళం. తలుపు పక్క స్టూలు మీద అటెండరు భీమయ్య కునుకుతున్నాడు.

"హెడ్డుగారు ఇంకా రాలేదా భీమయ్యా?"

భీమయ్య లేచి నిలబడ్డాడు. "రాలే సార్. ఏమన్న పని ఉండెనా?"

"నిన్న సాయంత్రం పళ్లేల కాడ లక్ష్మీనర్సయ్యతో మాట్లాడతా ఉన్నారు గదా. ఈ రోజు వస్తానని ఏమన్నా చెప్పినారా?"

భీమయ్య అతన్ని వింతగా చూశాడు.

"సారు మొన్ననే మద్రాసు పోయిండు."