ఇరవై మూడో నంబరు

"నీ పేరు కొట్టేశాం కదమ్మా, మళ్లీ ఎందుకొచ్చావు?" అంది నర్సు.

బెంచీ మీది కుట్టుపనావిడ లేవలేదు. ఎప్పటిలాగే పరగడుపున వచ్చింది.

ఆసుపత్రిలో పెద్ద పరిశోధన జరుగుతోంది. గర్భం రాకుండా వేసుకునే మాత్రలు ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లకి ఏమైనా చేస్తాయా అని. అరవై మంది, మూడు నెలలకోసారి రక్తపరీక్ష. ఈవిడ ఇరవై మూడో నంబరు.

ఆరో నెలలో ఆవిడకి షుగరు పెరిగింది. పెరిగింది కాబట్టి ఆరోగ్యంగా లేదు. ఆరోగ్యంగా లేదు కాబట్టి లిస్టులో ఉండకూడదు. ఎంత తెలివో చూడండి! ఎర్రసిరాతో గీత కొట్టింది నర్సే.

"మాత్ర మొదలుపెట్టక ముందు బాగానే ఉన్నాను కదా సిస్టరమ్మా. ఆ ముక్క ఎక్కడైనా రాయండి."

"మీ ఇంట్లో ఎవరికో షుగరు ఉండి ఉంటుందిలే."

ఎవరికీ లేదంది ఆవిడ.

నర్సుకి ఒళ్లు మండింది. చెల్లెలికి కొత్తగా పెళ్లయింది. రిపోర్టు రాగానే ఈ మాత్రలే ఇద్దామని కాచుకుని కూర్చుంటే, మధ్యలో ఈ నస ఒకటి.

ఆవిడ వదల్లేదు. ఏడాది పాటు మూడు నెలలకోసారి వచ్చి అదే మాట అడిగింది. చివరిసారి ఒక చిన్న నోటుబుక్కు ఇచ్చి, తీరిగ్గా చూడమంది.

నర్సు సరేనంది. బరువు చూసే మిషనుకి ఒక కాలు ఊగుతోంది. పుస్తకం దాని కింద సరిగ్గా సరిపోయింది.

ఆవిడ మళ్లీ రాలేదు. ఊరు మారిపోయిందన్నారు.

రిపోర్టు వచ్చింది. ఆరోగ్యవంతులైన స్త్రీలకు ఏ హానీ లేదట. పరిశోధన చేసిన డాక్టరుగారికి చప్పట్లు, చెల్లెలికి మాత్రలు అందాయి.

ఎనిమిది నెలలకి చెల్లెలు వచ్చింది. మనిషి సగమైపోయింది. గ్లాసు మీద గ్లాసు నీళ్లు తాగుతోంది.

"మాత్రల వల్లేమో అక్కా?"

"మీ ఇంట్లో ఎవరికో..." అనబోయి నర్సు ఆగిపోయింది. ఇద్దరూ పుట్టింది ఒకే ఇంట్లో. ఆ ఇంట్లో షుగరు ఎవరికీ లేదు.

బరువు చూద్దామని ఎక్కిస్తే ముల్లు నిలవలేదు. మిషను కాలి కింద పుస్తకం సర్దడానికి వంగి, దాన్ని బయటికి లాగింది.

నలిగిన పేజీలో గుండ్రటి అక్షరాలు.

'మాత్ర ఆపాను – 94. మళ్లీ వేసుకున్నాను – 138. ఆపాను – 96. మళ్లీ వేసుకున్నాను – 145.'

ప్రతి లెక్క పక్కనా బయటి ల్యాబు చీటీ, గుండుసూదితో గుచ్చి ఉంది. తేదీలన్నీ లిస్టులోంచి కొట్టేసిన తర్వాతవే.

నర్సు చెల్లెలి ముఖం చూడలేకపోయింది.

అరవై మంది రక్తం తీసిన ఆ ఆసుపత్రిలో నిజంగా పరిశోధన చేసింది, అదీ తన ఒంటి మీదే చేసుకుంది, వాళ్లు కొట్టేసిన ఆ బట్టలు కుట్టే మనిషి ఒక్కతే.