పళ్ళ పరీక్ష

"నోరు తెరువమ్మా," అన్నాడు ఆఫీసరు వరప్రసాదరావు.

లూర్దమ్మ ఖలందర్ వంక చూసింది. తెరవమన్నట్టు అతను తలూపాడు. నందిగామలో కట్టుడు పళ్ళ కొట్టు పెట్టిన నాటి నుంచీ ఖలందర్ చాలా నోళ్ళే తెరిపించాడు గానీ, ఒక నోటిని చూసి ఇంతలా వణకడం ఇదే మొదలు.

తప్పంతా గులాబీరంగు పొడిది. చిగురు కట్టడానికి వాడే ఆ పొడి రెండేళ్ళుగా బెజవాడలో చవగ్గా దొరుకుతోంది. దాంతో కట్టిన పళ్ళకు నోళ్ళు పూస్తున్నాయని ఎవరో అర్జీ పడేస్తే, బందరు నుంచి ఈ ఆఫీసరు ఊడిపడ్డాడు. పళ్ళు కట్టించుకుని ఏడాది దాటిన మనిషిని చూపించు, నోరు బాగుంటే సరి, లేదంటే కొట్టుకు తాళమేనన్నాడు. కొట్టు పోతే ఖలందర్ ఇంట్లో పొయ్యి వెలగదు.

అలా పళ్ళు కట్టించుకున్న వాళ్ళలో శాంతయ్య చిగుళ్ళు వాచి ఉన్నాయి కనుక అతన్ని పొద్దున్నే వత్సవాయిలో కూతురింటికి బస్సెక్కించాడు. పుల్లమ్మ పళ్ళు నోట్లో కంటే కొంగుముడిలోనే ఎక్కువగా ఉంటాయి. చివరికి లూర్దమ్మను బతిమాలి తెచ్చి కూర్చోబెట్టాడు.

ఆఫీసరు చెరుకు ముక్క ఇచ్చాడు. చీల్చి పిప్పి చేసింది. ఖలందర్ ప్రాణం కుదుటపడింది.

"ఇప్పుడు పళ్ళు తీసి చూపించు."

"పరాయి మగాళ్ళ ముందు పళ్ళు తీస్తే ఏం మర్యాద బాబూ?"

ఆఫీసరు వినలేదు. చేతిరుమాలుతో ముందు పళ్ళు పట్టుకుని బలంకొద్దీ లాగాడు. లూర్దమ్మ కుర్చీతో సహా కదిలింది గానీ పళ్ళు కదల్లేదు.

"ఇదేనా సాయిబూ నీ పనితనం? ఆమడ దూరం నుంచే కట్టుడు పళ్ళని తెలిసిపోతోంది."

"గట్టిగా నములుతోంది కదండీ."

"అదే ప్రమాదం. నీ సరుకు చిగుళ్ళలోకి దిగి పట్టేసింది. ఇంకో ఏడాదికి దవడ తినేస్తుంది. ఇవి మనిషి నోట్లో ఉండాల్సిన పళ్ళు కావు."

కొట్టుకు తాళం పడింది.

జీపు వెళ్ళిపోయాక లూర్దమ్మ దవడ నిమురుకుంటూ, "అంత పెద్దాఫీసరు చెప్పాడు గదా సాయిబు గారూ, అన్నీ పీకించేసుకోమంటారా?" అని భయంభయంగా అడిగింది.

అవి ఆవిడ సొంత పళ్ళు.