నాలుగో ట్యాంకు తలుపు

బ్రెజిల్‌లో రిబేరావ్ ప్రేతో ఊరి దగ్గర చెరకు రసంతో ఇథనాల్ తీసే మిల్లులో జందీరాది రాత్రి షిఫ్టు. రెండు గంటలప్పుడు పులియబెట్టే ట్యాంకులు చూసుకుంటూ వచ్చి నాలుగోదాని దగ్గర ఆగిపోయింది. ట్యాంకులోకి దిగే మనిషి తన పేరుబిళ్ళ తలుపుకి తగిలించి దిగాలి. సాయంత్రం బోల్టులు బిగించేసిన ఆ తలుపుకి తోటి ఉద్యోగి నివాల్దో బిళ్ళ వేలాడుతోంది. లోపల పులుస్తున్న రసం వదిలే విషగాలిలో మనిషి నాలుగు నిమిషాలు కూడా బతకడు.

వాకీటాకీ నొక్కింది. "ఎక్కడున్నావురా నివాల్దో?"

"కంట్రోల్ రూంలో కాఫీ తాగుతున్నా అక్కా. ఏం?"

"నీ బిళ్ళ నాలుగోదానికుంది."

"నా బిళ్ళ నా మెళ్ళోనే ఉంది. నిద్రకళ్ళతో తిరిగితే నీ మొగుడి పేరు కూడా కనపడుద్ది!"

జందీరా నవ్వబోయింది. ఇంతలో తలుపు లోపల్నించి ఎవరో మెల్లగా తట్టారు.

"అక్కా, వాడితో మాట్లాడకు." అదీ నివాల్దో గొంతే, ఆయాసపడుతోంది. "గాలాడట్లేదు. తలుపు తియ్యి."

పోయినేడు ఇలాగే తలుపు తీయడం ఆలస్యమై ఒక మనిషి పోయాడు. ఆ ఆలస్యం జందీరాదే. మొదటి బోల్టు తిప్పింది.

"తియ్యకక్కా."

అదీ నివాల్దో గొంతే, కానీ వాకీటాకీలోంచి రాలేదు. సరిగ్గా ఆమె వెనక నుంచి వచ్చింది. ట్యాంకు దగ్గరికి ఎక్కి రావాల్సిన ఇనప మెట్ల మీద అడుగుల చప్పుడు మాత్రం ఆమెకి వినపడలేదు.