నా లారీ ఏది?

"నా లారీ ఏదిరా?"

పొద్దున్నే వాకిట్లో నిలబడి కిష్టయ్య కేకేశాడు. భుజాన తువ్వాల, చేతిలో సద్ది గిన్నె. ఎక్కడికో లోడుతో బయల్దేరే మనిషి వాలకం.

పల్లికాయ బస్తాలు సర్దుతున్న కొడుకు రాఘవేందర్ తల పట్టుకున్నాడు. "ఇంకేడి లారీ నాయినా? డ్రైవరీ బంద్ చేసినప్పుడే అమ్మేస్తివి గదా!"

"నేనమ్మిన్నా? రాత్రి గీడనే ఆపిన. కొల్లాపూర్ల మామిడికాయ లోడు నా కోసమే ఎదురుచూస్తుంటది."

కొద్ది రోజులుగా ఇంట్లో ఇదే తంతు. వనపర్తి దవాఖానలో డాక్టరు, వయసు మీద పడింది, ఆయన మాటకు ఎదురు చెప్పకండని పంపేశాడు. భార్య బాలనాగమ్మకు ఆ మాట రుచించలేదు. మతిమరుపు పోవాలని రోజూ సరస్వతి ఆకు నూరి రసం తాగిస్తోంది. కిష్టయ్య ముక్కు మూసుకుని, మొహం వంకర్లు తిప్పుతూ తాగుతాడు. అయినా గుణం లేదు సరికదా, అల్లారుముద్దుగా పెంచిన మనవరాలు సౌందర్య పేరే మరిచిపోయాడు.

ఆయన కేక రోజూ నేరుగా సౌందర్య గది కిటికీకి తగిలేది. పదిహేడేళ్ల ఆ పిల్ల ఇంటర్ లెక్కల్లో తప్పినప్పటి నుంచి ఎవరికీ మొహం చూపించడం లేదు. అన్నం పళ్లెం కూడా లోపలికే పోవాలి. ఆ రోజు మాత్రం కేక భరించలేక తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

"నాయినా, తాతకు ఒక లారీ తెద్దాం."

"లారీ అంటే గాజులా బిడ్డా, అంగడికి పోయి తెచ్చేందుకు?"

"కొత్తది కాదు, తుక్కుదే. కాలేజీకని కొన్న నా స్కూటీ అమ్మెయ్. ఇగ నేనేడికి పోయేదుంది గనుక?"

ఆ చివరి మాటకు రాఘవేందర్ మనసు చివుక్కుమంది. కాదనలేక, స్కూటీ డబ్బులకు పల్లికాయ డబ్బులు కలిపాడు. తుక్కు దుకాణంలో ఓ మూలన పడున్న పాత లారీని ట్రాక్టరుకు కట్టి ఇంటికి ఈడ్చుకొచ్చారు. క్యాబిన్లో గుడ్లు పొదుగుతున్న కోడి కూడా దాంతో పాటే వచ్చింది.

ఇది తన లారీయేనని ముసలాయన నమ్ముతాడా లేదా అని అందరూ ఆయన మొహం వైపే చూశారు. కిష్టయ్య లారీ చుట్టూ తిరిగాడు. బానెట్టు మీద చెయ్యేసి నిమిరాడు.

"నా లారీకి ఏం గతి పట్టించిండ్రురా!"

నమ్మాడు! సౌందర్య హమ్మయ్య అనుకుని గది వైపు తిరిగింది.

"ఓ క్లీనరూ, ఏడికి పోతున్నవ్? పానా పట్టు."

"తాతా, నేను సౌందర్యను."

"పేరు తర్వాత చెప్దువు గాని, ముందు టైరు ఇప్పు."

డాక్టరు ఎదురు చెప్పొద్దన్నాడు కదా. సౌందర్య టైరు విప్పింది.

పెద్దమందడిలో ట్రాక్టర్లు బాగుచేసే మేనమామ మహిపాల్ ఆదివారాలు వచ్చి ఇంజన్ పని చూశాడు. బాలనాగమ్మ పాత చీరలతో సీటుకు బొంత కుట్టింది. రాఘవేందర్ తుప్పు గీకాడు. మామ పక్కన టార్చి పట్టుకోవడంతో మొదలైన సౌందర్య, వానలు పడేనాటికి రేడియేటర్ తానే విప్పి బిగిస్తోంది. మోచేతుల దాకా గ్రీసు, నెత్తిన తాత తువ్వాల.

ఓ పని అయిందనుకుంటే కిష్టయ్యకు ఇంకోటి గుర్తొచ్చేది. ఎర్ర రంగు వేస్తే, "నాది నీలం లారీ" అన్నాడు. నీలం వేస్తే, "పక్క పలకల మీద నెమలి బొమ్మ ఉంటుండె" అన్నాడు. నెమలి గీసి సౌందర్య మళ్లీ గదిలో దూరింది. తెల్లారేసరికి వాకిట్లో కేక.

"క్లీనరూ! నా హారన్ ఎవడు ఎత్కపోయిండు?"

"నాయినకు మన పేర్లు యాదికి రావు గాని, నట్లు బోల్టులు మస్తు యాదికొస్తయి" అని రాఘవేందర్ విసుక్కున్నాడు. సౌందర్య నవ్వి పానా అందుకుంది.

ఒకరోజు ఆమె ఇంజన్లోకి తొంగిచూస్తూ అడిగింది. "మామా, ఎంత గాలికి ఎంత డీజిల్ పోవాల్నో లెక్క ఎట్ల కడతరు?"

"నేను చప్పుడు ఇని చెప్త. లెక్క కావాలంటే ఇంజనీరింగ్ చదవాలె కోడలా."

"దానికి ఇంటర్ల లెక్కలు పాస్ కావాలె గదా" అంది సౌందర్య. లెక్కల మాటెత్తితేనే ఏడ్చే పిల్ల ఈసారి ఏడవలేదు. ఆలోచనలో పడింది.

కార్తీకంలో ఇంజన్ అందుకుంది. వాకిలంతా నల్లటి పొగ. అందరూ దగ్గుతూనే చప్పట్లు కొట్టారు. బాలనాగమ్మ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. కిష్టయ్య స్టీరింగ్‌కు దండం పెట్టి గేరు వేశాడు. క్లీనర్ సీట్లో సౌందర్య తలుపు మీద దబదబా బాదుతూ "రైట్, రైట్!" అని అరిచింది. ఇంటి వెనుక చెలకలో లారీ కుదుపు లేకుండా తిరుగుతుంటే ఆ పిల్ల నవ్వు పక్క పొలాల దాకా వినిపించింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందోనని రాఘవేందర్ కళ్లు తుడుచుకున్నాడు.

సాయంత్రం బాలనాగమ్మ ఆకు రసం తెచ్చి మొగుడి చేతికిచ్చింది. "నీ లారీ నీకు దొరికింది. ఇగ మనసు నిమ్మలమాయెనా?"

కిష్టయ్య గ్లాసు పక్కన పెట్టేశాడు. వాకిట్లో సౌందర్య పాట పాడుకుంటూ లారీ అద్దం తుడుస్తోంది. ఆమెకు వినిపించదని నిర్ధారించుకుని, భార్య చెవి దగ్గరికి వంగాడు.

"మన సౌందర్య పరీక్ష ఫీజుకు రేపే ఆఖరు తారీకు, యాది మర్వకు."