సున్నా రావాల్సిన లెక్క

తెల్లారి మేత చల్లడానికి వెళ్లిన పద్మశ్రీకి చెరువు అంచు పొడవునా రొయ్యలు చచ్చి కనిపించాయి.

మరో పది రోజుల్లో పట్టుబడికి రావాల్సినవి. అన్నీ వంకర తిరిగి, తెల్లగా బిగుసుకుపోయాయి.

ఆమె మామ మంగరాజు ఒక్క మాటే అన్నాడు.

"మందు కలిపింది ఆ ముసలాడే."

పరాయివాడి కాళ్లతోనే చెరువులోకి రోగం దిగుతుందని భయపడే ఊరు అది. మొన్న ఓ ముసలాయన చెప్పాపెట్టకుండా వీళ్ల చెరువు గట్టెక్కాడు. పద్మశ్రీని నీళ్ల పరీక్ష రిపోర్టు అడిగి, దాని వెనక పెన్సిల్‌తో లెక్క వేశాడు.

"కాల్షియంలో ప్రోటాన్లు ఇరవై. నీళ్లలో కలిసేసరికి ఎలక్ట్రాన్లు పద్దెనిమిదే. అంటే రెండు ప్లస్సులు. క్లోరైడ్‌లో ప్రోటాన్లు పదిహేడు, ఎలక్ట్రాన్లు పద్దెనిమిది. ఒక మైనస్. ఇలా అన్నీ కూడితే చివరికి సున్నా రావాలమ్మా. ఇందులో ప్లస్సులు రెట్టింపున్నాయి. ఇలాంటి నీళ్లు భూమ్మీద ఉండవు. మెగ్నీషియం చాలకపోతే రొయ్యలు వంకర తిరిగి చస్తాయి. ముందు అది వెయ్యండి."

ఇంటర్లో ఎంపీసీ చదివిన పద్మశ్రీ తనూ కూడి చూసింది. లెక్క నిజమే.

మంగరాజు వినలేదు. మెగ్నీషియం నిండుగా ఉందని ల్యాబు వాళ్లే రాసిచ్చాక దారినపోయేవాడి మాటేంటంటూ ముసలాయన్ని మెడపట్టి గెంటాడు.

ఇవాళ హనుమాన్ జంక్షన్ బస్టాండులో దొరకబుచ్చుకుని, తెచ్చి మోటారు షెడ్డు గుంజకి కట్టేశాడు. అప్పటికే ఆయన పెదవి చిట్లింది.

ఎవరు నువ్వు, ఎవరు పంపారని ఎంత గద్దించినా ముసలాయన నోరు విప్పలేదు.

"మావయ్యా, ఆయన వేసిన లెక్క ఒకసారి..."

"లెక్కలు తర్వాతమ్మా. ల్యాబు అబ్బాయి వస్తున్నాడు. విషమని తేలనీ, వీణ్ణి ఈ గట్టులోనే పాతేస్తా."

ల్యాబు నుంచి వచ్చిన తేజేశ్వర్ బైకు దిగి నేరుగా నీళ్ల దగ్గరికి వెళ్లాడు. ఒక రొయ్యని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"విషమేనా బాబూ?"

"అలాగే ఉందండీ," అన్నాడు తలెత్తకుండా.

మంగరాజు కర్ర అందుకుని షెడ్డువైపు నడిచాడు.

పద్మశ్రీ పరుగున వచ్చి రిపోర్టు తిరగేసి తేజేశ్వర్ చేతిలో పెట్టింది.

"మీరిచ్చిన కాగితమే ఇది. ప్లస్సులూ మైనస్సులూ ఎందుకు సరిపోలేదు? తొందరగా చెప్పండి, అక్కడ మనిషి ప్రాణం పోయేలా ఉంది."

పెన్సిల్ రాత చూడగానే అతని మొహంలో నెత్తురు ఇంకిపోయింది. తలెత్తి గుంజవైపు చూశాడు.

ముసలాయన చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

కర్ర లేచింది.

"కొట్టకండి. విషం కాదండీ," అన్నాడు తేజేశ్వర్. "మీ నీళ్ల సీసా మూత కూడా నేను తియ్యలేదు. అంకెలన్నీ కూర్చుని అల్లేశాను. తనెవరో చెబితే నా దొంగతనం బయటపడుతుందని ఆయన దెబ్బలు తింటున్నాడు. ఆయన మా నాన్నండీ."