జోడీ సంతకం

కాగితం మీద మూడో వరసలో స్లావ్కా పేరుంది. పక్కన చెక్ అమ్మాయి నికోల్ పేరు ఉంది.

హెన్రియెటా వేలు పెట్టి మళ్ళీ చదివింది. వేలు కింద కూడా నికోలే ఉంది.

"మార్గిటా గారూ, ఇదేమిటి?"

టోర్నీ ఆఫీసు బల్ల వెనక కాఫీ కలుపుకుంటున్న మార్గిటా తలెత్తలేదు. "డబుల్స్ జోడీల కాగితం. తొమ్మిదికి నేను గది తాళం తీస్తుంటేనే వచ్చి నిలబడింది మీ స్లావ్కా. ఇద్దరి తరఫునా తనే సంతకం పెట్టేసి పోయింది."

"తొమ్మిదేళ్ళ నుంచి నేనూ అదీ జోడీ. ఒక్కసారీ ఈ బల్ల దగ్గరికి రాలేదది. సంతకం పెట్టేది నేనే కదా."

"అందుకే అడిగాను, మీకు ఒంట్లో బాగాలేదా అని. దుక్కలా ఉందండీ అంది."

ఈ వారం పియెష్టానీ పోటీలో గెలిచే పాయింట్లే ఆఖరు. ఆ తర్వాత పారిస్ టెన్నిస్ పోటీల జాబితా మూసేస్తారు. ఇద్దరి ర్యాంకులూ కలిపి చూసి, సరిపోతే రమ్మంటారు, లేకపోతే ఇంట్లో కూర్చుని టీవీ చూడమంటారు. హెన్రియెటాకి ముప్ఫై మూడు. ఆమె మోకాలు వచ్చే ఏటికి మాట ఇవ్వనంటోంది. మధ్యాహ్నం పన్నెండు లోపు జోడీ దొరక్కపోతే పారిస్ మాట దేవుడెరుగు, ఇక్కడే కోర్టులో అడుగుపెట్టనివ్వరు.

ఆమె విసవిసా రెండో కోర్టు వెనక్కి నడిచింది. అక్కడ రేకుల షెడ్డులో, రాకెట్లకు తీగలు బిగించే వెందెలీన్ బాబాయ్ పక్కన బెంచీ మీద స్లావ్కా కూర్చుని ఉంది. చేపముక్కలు కలిపిన మయొనీసులో రొట్టె ముంచుకుని నింపాదిగా తింటోంది.

"ఆ సంతకం నీది కాదని చెప్పవే."

"నాదే," అంది స్లావ్కా. రొట్టె నమిలింది.

"దానికి గొంతులో ఎలా దిగుతోందో చూడు బాబాయ్."

వెందెలీన్ తీగ లాగుతూనే అన్నాడు. "చెక్ దేశం వాళ్ళూ మన స్లోవాకులూ వేరు కాపురాలు పెట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. మంత్రులు కూడా మళ్ళీ కలపలేదు. ఈ పిల్ల పొద్దున్నే ఒక్క సంతకంతో కలిపేసింది."

"నీకు నవ్వులాటగా ఉందా? నా కొంప మునిగింది ఇక్కడ."

"నవ్వడం లేదమ్మా. తీగ తెగుతుందేమోనని పళ్ళు బిగించాను, అంతే."

పక్క కోర్టులో ఆడుతున్న అమ్మాయిలు బంతులు వదిలేసి వలకి ఆనుకుని నిలబడ్డారు. జనం చేరేసరికి హెన్రియెటా గొంతు ఇంకాస్త లేచింది.

"కోషిత్సెలో నీ చీలమండ బెణికితే మూడంతస్తులు వీపు మీద మోసిందెవరే?"

"నువ్వే."

"నీ పెళ్ళిలో మన ఆనవాయితీ ప్రకారం పెళ్ళికూతురి పూలు తీసి ఇల్లాలి తలగుడ్డ కట్టిందెవరు? మీ అక్కని పక్కకి నెట్టి మరీ నన్ను పిలిచావు."

"పిలిచాను."

"నీ రెండో సర్వీసు వలలో పడ్డప్పుడల్లా పర్లేదే, పర్లేదే అన్నదెవరు?"

స్లావ్కా కాస్త ఆలోచించింది. "అది మాత్రం నువ్వు కాదు. నువ్వు తిట్టేదానివి."

వల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. హెన్రియెటా అటు ఒక్క చూపు చూసేసరికి నవ్వు ఆగిపోయింది.

"తిడితే నా మనిషివి గనక తిట్టాను. ఆ చెక్ పిల్ల నిన్ను తిట్టదు. ర్యాంకు తగ్గిన రోజున చీపురుకట్టలా మూల పెడుతుంది. అప్పుడు ఏడుస్తూ నా దగ్గరికే వస్తావు."

"రావచ్చు."

"నమ్మినదాని గొంతు కోసి, పైగా పొడి పొడి మాటలు. నన్ను లేపి ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది? తెల్లారేసరికి నా పక్కనే ఉన్నావు కదా, ఒకే గదిలో."

"నిద్రపోతున్నావు."

"దొంగల్లా చెప్పులు చేత్తో పట్టుకుని పోయుంటావు."

"అవును," అంది స్లావ్కా. అప్పటిదాకా లేని ఎరుపు ఆమె చెవుల్లోకి పాకింది.

వెందెలీన్ రాకెట్టు తిప్పి చూసుకుంటూ అడిగాడు. "అది సరేగానీ హెన్యా, ఎప్పుడూ పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా ఆ బల్ల దగ్గరికి తువ్వాలుతో పరిగెత్తేదానివి. ఇవాళ పదింటికే ఎందుకెళ్ళావు?"

"ముందే పెట్టేస్తే ఒక పని అయిపోతుందని. అదీ తప్పేనా? నువ్వు దాని పక్షమా?"

"నేను తీగల పక్షం."

హెన్రియెటా స్లావ్కా చేతిలోని రొట్టె లాక్కుని బెంచీ మీద పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంలో వచ్చిన నీళ్ళు కావు అవి.

"ఒక్కటే అడుగుతాను. నువ్వే పోయి దాని కాళ్ళు పట్టుకున్నావా, అదే వచ్చి నిన్ను లాగిందా?"

"వద్దులే హెన్యా. ఎలాగూ అయిపోయింది."

"వద్దంటే వదిలేదాన్ని కాదు. తొమ్మిదేళ్ళు నీతో ఆడాను. నాకా హక్కుంది. అందరూ వినేలా చెప్పు."

స్లావ్కా వల వైపు చూసింది, తర్వాత హెన్రియెటా వైపు. చేతులకంటిన మయొనీసు మెల్లగా తుడుచుకుంది.

"నేను పోలేదు. రాత్రి భోజనాల దగ్గర నికోలే నన్ను పక్కకి పిలిచింది. 'మీ హెన్యా సోమవారం నుంచి నన్ను వదలడం లేదు, నిన్ను వదిలేసి నాతో ఆడతానంటోంది, వయసులో పెద్దది కదా, మొహం మీద కాదనలేకపోతున్నాను, పొద్దున్నే అది వచ్చేలోపు నువ్వు నాతో సంతకం పెట్టెయ్, నాకు పీడ వదులుతుంది' అంది."